తొందర లేని రైలు ప్రయాణం: తొమ్మిది రోజుల సెలవు

సంక్రాంతి సెలవులు దగ్గర పడుతున్నాయంటే ఓ.పి.లో మమ్మల్ని చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టరు గారూ, పిల్లలు వైజాగు, అరకు వెళ్దామంటున్నారు. నాకు షుగరుంది కదా, వెళ్లొచ్చా?" అని. ఇలా అడిగేవారంటే మాకు సంతోషం. ఎందుకంటే కొందరు అడగరు, వెళ్లివచ్చాక వార్డులో కలుస్తారు. మరికొందరు "ఈ వయసులో మాకెందుకమ్మా ఊళ్లు తిరగడం" అని ఇల్లు కదలరు. ఈ రెండూ మాకు బాధ కలిగించేవే.

ఆ ప్రశ్నకు మా జవాబు ఇది. జబ్బు అదుపులో ఉండి, డాక్టరు గారు సరేనంటే తప్పక వెళ్లండి. అయితే తొందరపడి వెళ్లకండి. షుగరు, బి.పి., మోకాళ్ల నొప్పులు ఉన్నవారిని ప్రయాణంలో దెబ్బతీసేది చాలాసార్లు జబ్బు కాదు, తొందర. వేళకు తినకపోవడం, నీళ్లు తాగకపోవడం, నిద్ర చాలకపోవడం, మాత్ర మానెయ్యడం అన్నీ తొందరలోనే జరుగుతాయి.

మా పొరపాటు

ఈ మాట మేము పుస్తకంలో చదివి చెప్పడం లేదు. కొన్నేళ్ల క్రితం మాలో నలుగురం నర్సులం కలిసి అరకు బయలుదేరాము. మాలో ఒక పెద్ద సిస్టరు గారికి పదిహేనేళ్లుగా షుగరు, ఇన్సులిన్ మీద ఉన్నారు. దొరికిన సెలవు రెండు రోజులే. రాత్రంతా రైలులో కూర్చుని తెల్లవారుజామున విశాఖపట్నంలో దిగి, ముఖం కడుక్కుని, ఏడు కాకముందే అరకు వెళ్లే బండి ఎక్కాము. సిస్టరు గారు అలవాటు ప్రకారం ఆరింటికే ఇన్సులిన్ వేసుకున్నారు. "ఇడ్లీలు బండిలో కొనుక్కుందాంలే" అనుకున్నాము. తీరా చూస్తే మా పెట్టెలోకి ఇడ్లీలు రానేలేదు.

బండి ఘాట్ ఎక్కి సొరంగాలు మొదలయ్యాయి. పిల్లలు కేకలు వేస్తుంటే మేమూ కిటికీ దగ్గర చేరి నవ్వుకుంటున్నాము. సిస్టరు గారు తలవాల్చి ఉంటే రాత్రి నిద్ర లేదు, కునుకు పట్టిందనుకున్నాము. ఒక సొరంగం దాటి వెలుతురు రాగానే చూస్తే ముఖమంతా చెమట, చేతులు వణుకు, పిలిస్తే పొంతన లేని జవాబు. షుగరు పడిపోయింది. నలుగురం నర్సులం ఉన్నా మా సంచుల్లో చెంచాడు పంచదార లేదు. ఎదుటి సీటులోని ఒక తల్లి తన బిడ్డ పాల కోసం తెచ్చుకున్న పంచదార ఇచ్చింది. నీళ్లలో కలిపి తాగిస్తే పావుగంటలో తేరుకున్నారు. ఆ రోజు మేము ఎంత సిగ్గుపడ్డామో ఇప్పటికీ మరిచిపోలేదు. రోజూ రోగులకు మేము చెప్పే మొదటి పాఠమే అది.

ఆ తరువాత రెండేళ్లకు అదే సిస్టరు గారితో అదే ఊళ్లు మళ్లీ చూశాము. ఈసారి తొమ్మిది రోజులు పెట్టుకున్నాము. ఒక్కరికీ ఏ ఇబ్బందీ రాలేదు. ఆ పథకాన్నే మీకు వివరిస్తున్నాము.

మూడు నియమాలు

మొదటిది, కూర్చుని చేసే ప్రయాణం ఒక్కసారికి నాలుగు గంటలు మించకుండా చూసుకోవాలి. నాలుగు గంటలు, అంతకు మించి కదలకుండా కూర్చుని ప్రయాణిస్తే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. విమానానికే కాదు, రైలుకు, బస్సుకు, కారుకు కూడా ఇదే వర్తిస్తుంది. ఆరోగ్యవంతులకు ఈ ప్రమాదం చాలా తక్కువే. ఈమధ్య ఆపరేషన్ అయినవారు, గర్భిణులు, బాలింతలు, క్యాన్సరు ఉన్నవారు, గర్భనిరోధక మాత్రలు వాడేవారు, ఇంతకు ముందు ఒకసారి గడ్డకట్టినవారు మాత్రం జాగ్రత్తగా ఉండాలి.

రెండవది, ప్రయాణం చేసిన మరునాడు విశ్రాంతి. ఆ రోజు ఊరు చూడవచ్చు గాని రైలు ఎక్కకూడదు.

మూడవది, రోజుకు చూసేది ఒక్కటే. ఉదయం గాని సాయంత్రం గాని ఒక చోటుకు వెళ్లి, మధ్యాహ్నం భోజనం చేసి పడుకోవాలి. "ఇంత దూరం వచ్చి అది చూడలేదా?" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

నది, సముద్రం, కొండ

మొదటి రోజు విజయవాడ నుండి రాజమండ్రి. సుమారు 150 కిలోమీటర్లు, రెండు మూడు గంటల ప్రయాణం. కొవ్వూరు దాటగానే గోదావరి కనిపిస్తుంది. పక్కనే పాత హేవలాక్ వంతెన స్తంభాలు చూపించి పిల్లలకు చెప్పండి, 1900 నుండి 1997 వరకు ఆ వంతెన మీదే బండ్లు నడిచాయని. రాజమండ్రిలో రెండు రాత్రులు ఉండండి. మరునాడు ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూడవచ్చు. 1847 నుండి 1852 వరకు సర్ ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట వల్లనే గోదావరి డెల్టా పచ్చబడింది. పూలమొక్కలంటే ఇష్టమున్నవారు కడియం నర్సరీలకు వెళ్లండి. సాయంత్రం గోదావరి గట్టున కూర్చుంటే మందు లేకుండానే బి.పి. తగ్గినట్లుంటుంది. అలాగని రాత్రి మాత్ర మానవద్దు! ఆత్రేయపురం పూతరేకులు, రాజమండ్రి రోజ్ మిల్క్ షుగరున్నవారిని పిలుస్తూనే ఉంటాయి. ఒక పూతరేకులో సగం నలుగురూ పంచుకుంటే రుచీ తెలుస్తుంది, షుగరూ పెరిగిపోదు.

మూడవ రోజు రాజమండ్రి నుండి విశాఖపట్నం. సుమారు 200 కిలోమీటర్లు, మూడు నాలుగు గంటలు. అక్కడ మూడు రాత్రులు. రామకృష్ణా బీచ్‌లో ఉదయం, సాయంత్రం నడక మంచిదే, కాని అక్కడ సముద్ర స్నానానికి దిగవద్దు. లోపలికి లాగే ప్రవాహాలు ఎక్కువ. షుగరు వల్ల కాళ్లు తిమ్మిరెక్కినవారు ఇసుకలో చెప్పులు విడవకూడదు. ఎండకు కాలిన ఇసుక చురుకు వారికి తెలియదు, గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు. రాత్రి గదికి వచ్చాక అరికాళ్లు అద్దంలో చూసుకోండి. అదే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఉంది. 1969 నుండి 2001 వరకు నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియంగా మారింది. లోపల దారులు ఇరుకు, వంగి దాటాల్సిన గడపలు ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవారు బయట బల్ల మీద కూర్చుంటే మంచిది, పిల్లలు చూసి వచ్చి కథ చెబుతారు.

ఆరవ రోజు ఉదయం అరకు. ఈ లైను 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తెచ్చేందుకు వేసినది. శృంగవరపుకోట దాటాక కొండలు మొదలవుతాయి. ఎన్నో సొరంగాలు దాటి బండి శిమిలిగుడ చేరుతుంది. ఆ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. 2017 నుండి ఈ దారిలో పెద్ద అద్దాల విస్టాడోమ్ పెట్టె కూడా నడుస్తోంది. దానికి రిజర్వేషన్ ముందుగా చేయించుకోవాలి. ఘాట్ రోడ్డు మీద బస్సులో వాంతులు చేసుకునేవారికి ఈ రైలు ఎంతో సుఖం. ప్రయాణం సుమారు నాలుగు గంటలు. అరకులో రెండు రాత్రులు. బొర్రా గుహలు చూడాలంటే చాలా మెట్లు దిగి మళ్లీ ఎక్కాలి, తడి నేల జారుతుంది. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారు పైనే ఆగాలి. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి చలి ఎక్కువ. ఉబ్బసం ఉన్నవారు మఫ్లరు, ఇన్‌హేలరు మరవకండి.

ఎనిమిదవ రోజు అరకు నుండి దిగి విశాఖలోనే రాత్రి పడుకోండి. తొమ్మిదవ రోజు పగటి బండిలో విజయవాడ. రత్నాచల్, సింహాద్రి వంటి పగటి బండ్లున్నాయి. ఇది ఆరేడు గంటల ప్రయాణం, మా మొదటి నియమానికి మించినది. ఓపిక లేనివారు మధ్యలో రాజమండ్రిలో మరో రాత్రి ఆగండి. ఆగకుండా వచ్చేవారు గంటకొకసారి లేచి పెట్టెలో అటు ఇటు నడవండి. కూర్చునే మడమలు ఎత్తి దించడం, పాదాలు గుండ్రంగా తిప్పడం ఇరవైసార్లు చేయండి.

గుండెపోటు వచ్చి ఎన్నో నెలలు కానివారు, తరచూ ఆయాసం వచ్చేవారు విశాఖ వరకే వెళ్లడం మేలు. విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రులున్నాయి. అరకు నుండి రాత్రివేళ ఘాట్ రోడ్డు మీద అక్కడికి చేరాలంటే గంటలు పడుతుంది.

టికెట్టు విషయాలు

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు నుండి ఇస్తున్నారు. 2024 నవంబరు 1కి ముందు ఇది 120 రోజులుండేది. పెద్దవారికి ఇచ్చే ఛార్జీ రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది. అందుకని పాత లెక్కతో డబ్బు సర్దుకోకండి.

రాత్రి బండిలో వచ్చే బంధువులకు ఒక ముఖ్యమైన మాట. 60 ఏళ్లు నిండిన పురుషులకు, 45 ఏళ్లు నిండిన స్త్రీలకు క్రింది బెర్తుల కోటా ఉంది. అయితే ఆ టికెట్టు మీద అలాంటివారు ఒక్కరు గాని ఇద్దరు గాని మాత్రమే ఉండాలి. కొడుకు, కోడలు, పిల్లలను కలిపి ఒకే టికెట్టు తీస్తే కంప్యూటరు ఆ కోటాను లెక్కలోకి తీసుకోదు, అమ్మగారికి పై బెర్తు వచ్చినా రావచ్చు. కనుక అమ్మానాన్నలకు విడిగా ఒక టికెట్టు తీయండి.

పెద్ద స్టేషన్లలో వీల్ ఛైర్ దొరుకుతుంది, ముందుగా అడగాలి. బండి వేళలు, ఆలస్యం, ఫిర్యాదు, ప్రయాణంలో వైద్య సహాయం, వీటన్నిటికీ 139 నంబరే. అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫానులు వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఎలా ఊపేసిందో మనకు గుర్తే. ఆ నెలల్లో బయలుదేరే ముందు వాతావరణ వార్తలు వినండి.

మాత్రలు, ఇన్సులిన్

ప్రయాణానికి రెండు వారాల ముందు ఓ.పి.కి వచ్చి షుగరు, బి.పి. చూపించుకోండి. మందుల చీటీ స్పష్టంగా, మందు అసలు పేరుతో రాయించుకోండి. కంపెనీ పేర్లు ఊరు మారితే దొరకకపోవచ్చు. తొమ్మిది రోజులకు పదిహేను రోజుల మందులు తీసుకుని రెండు భాగాలు చేసి, ఒకటి చేతిసంచిలో, ఒకటి మరొకరి సంచిలో పెట్టండి. సూట్‌కేసు పోయినా మందు పోకూడదు.

తెరవని ఇన్సులిన్ 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. వాడుకలో ఉన్న సీసా ఎండ తగలకుండా మామూలు గది చల్లదనంలో సుమారు నాలుగు వారాలు పనిచేస్తుంది. దానితో వచ్చిన కాగితంలో ఎన్ని రోజులో చూసుకోండి. రైలులో అయితే వెడల్పు మూతి ఫ్లాస్కులో చల్లని నీళ్లు పోసి, సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంచండి. ఐసుముక్క నేరుగా తగలకూడదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. కిటికీ పక్కన ఎండలో పెట్టినదీ నమ్మదగినది కాదు.

అన్నిటికన్నా ముఖ్యం, తినేది చేతికి వచ్చాకే ఇన్సులిన్. ఇడ్లీ పొట్లం ఒళ్లో ఉంటే అప్పుడు సూది. చెమట, వణుకు, విపరీతమైన ఆకలి, తికమక మాటలు కనిపిస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వండి. పావుగంటలో తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి. తగ్గాక బిస్కెట్టో, అన్నమో పెట్టండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయవద్దు. 139కి ఫోను చేయండి, టీటీఈకి చెప్పండి.

బాత్‌రూము భయం

ఈ మాట అనడానికి స్త్రీలు మొహమాటపడతారు గనుక మేమే అంటున్నాము. రైలు బాత్‌రూముకు వెళ్లాల్సి వస్తుందని చాలామంది ముందు రోజు నుండే నీళ్లు మానేస్తారు. కొందరు నీరు పోయే మాత్ర కూడా మానేస్తారు. ఒక పెద్దమ్మ గారు అలా ఆ మాత్ర నాలుగు రోజులు మానేసి, కాళ్లు ఉబ్బి, పడుకుంటే ఊపిరి ఆడక మా దగ్గరికి వచ్చారు. ఆ నాలుగు రోజుల యాత్రకు తొమ్మిది రోజులు వార్డులో ఉండవలసి వచ్చింది. నీళ్లు తాగనివారికి మూత్రంలో మంట, చలిజ్వరం వస్తాయి.

చిన్న చిన్న పగటి ప్రయాణాలు పెట్టుకోమనడానికి ఇదీ ఒక కారణం. మూడు గంటల ప్రయాణమైతే నీరు పోయే మాత్ర ఏ వేళకు వేసుకోవాలో డాక్టరు గారిని అడిగి సర్దుకోవచ్చు. మానవలసిన పని ఉండదు. బాత్‌రూముకు దగ్గరగా సీటు చూసుకోండి. మోకాళ్లు వంగనివారు వెస్ట్రన్ కమోడ్ ఎటువైపు ఉందో ఎక్కగానే తెలుసుకోండి. బండి ఊగుతున్నప్పుడు ఒక చెయ్యి కమ్మీ మీద ఉండాలి. రాత్రివేళ పెద్దవారిని ఒంటరిగా పంపవద్దు. గుండె, కిడ్నీ జబ్బులవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలత ప్రకారమే నీళ్లు తాగాలి.

తిరిగి వచ్చాక

మన్యంలో మలేరియా ఉంది. అరకులో సాయంత్రం నుండి నిండు చేతుల చొక్కా వేసుకోండి, దోమతెర వాడండి. మలేరియా దోమ కుట్టిన సాధారణంగా ఒక వారం నుండి నెల లోపు జ్వరం వస్తుంది. ఒక్కోసారి కొన్ని నెలల తరువాత కూడా వస్తుంది. జ్వరంతో వచ్చినప్పుడు "మేము అరకు వెళ్లొచ్చామండీ" అని ముందే చెప్పండి. ఆ ఒక్కమాటతో రక్తపరీక్ష ఆ రోజే జరుగుతుంది.

ఒక కాలు మాత్రమే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే కాపడం పెట్టి, మాలిష్ చేసి కూర్చోకండి. ఆసుపత్రికి రండి. ప్రయాణం అయిన కొన్ని వారాల వరకు ఈ ప్రమాదం ఉంటుంది. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే 108కి ఫోను చేయండి.

చేతిసంచిలో ఉండవలసినవి

1. మందులు, మందుల చీటీ, ఇన్సులిన్ ఫ్లాస్కు.
2. పంచదార పొట్లం, బిస్కెట్లు, తాగే నీళ్లు.
3. ఓ.ఆర్.ఎస్. పొడి రెండు ప్యాకెట్లు. ప్యాకెట్టు మీద రాసినన్ని నీళ్లే కలపాలి.
4. ఇన్‌హేలరు. గుండెనొప్పికి డాక్టరు ఇచ్చిన నాలుక క్రింది మాత్ర. దానిని కూర్చునే వాడాలి.
5. పేరు, జబ్బులు, వాడే మందులు, పడని మందులు, ఇంటివారి ఫోను నంబరు రాసిన అట్టముక్క. దీనిని సంచిలో కాదు, జేబులో గాని పర్సులో గాని పెట్టుకోవాలి.
6. గుర్తింపు కార్డు, అసలుది.

రెండవసారి ఆ సొరంగాలు దాటేటప్పుడు మా పెద్ద సిస్టరు గారు కిటికీ పక్కనే కూర్చున్నారు. ఇడ్లీలు తిన్నారు, సూది వేళకు వేసుకున్నారు. వెలుతురు వచ్చినప్పుడల్లా మేము ఆమె ముఖం వైపు చూస్తుంటే, "నన్నెందుకే చూస్తారు, కొండల్ని చూడండి" అని కోప్పడ్డారు. ఆమెకు అప్పుడు అరవై ఎనిమిదేళ్లు.

మీ ఇంట్లోనూ ఊరు చూడాలని ఉండి అడగడానికి మొహమాటపడే పెద్దవారుంటారు. ఈ సెలవులకు వారిని తీసుకువెళ్లండి. తొమ్మిది రోజులు వీలుకాకపోతే రాజమండ్రి ఒక్కటే నాలుగు రోజులు పెట్టుకోండి. ఊళ్లు తగ్గించండి గాని విశ్రాంతి తగ్గించవద్దు. బయలుదేరే ముందు ఒకసారి ఓ.పి.కి వచ్చి మమ్మల్ని కలవండి, మీ మందుల పట్టీ రాసి ఇస్తాము.

మీ ప్రయాణం క్షేమంగా, నిదానంగా సాగాలని కోరుకుంటూ,

నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ సిబ్బంది